ఈల మోగకముందే చేయెత్తేవారు

సమస్త ప్రశంసలూ మనలను సృష్టించి, తీర్చిదిద్ది, మార్గం చూపిన అల్లాహ్‌కే చెందుతాయి. ఆయన అంతిమ ప్రవక్త ముహమ్మద్ (స) పైనా, ఆయన కుటుంబీకులపైనా, సహచరులపైనా శాంతి శుభాలు వర్షించుగాక!

ధార్మిక సోదరులారా! మొదట నాకూ, ఆ తరువాత మీకూ నేను చేసే హితవు ఒక్కటే. అల్లాహ్ పట్ల భయభక్తులు కలిగి మెలగండి.

నేటి ప్రసంగాంశం విని పెద్దలు కొందరు ఆశ్చర్యపడవచ్చు. మింబర్ మీద నుండి ఫుట్‌బాల్ ముచ్చట ఏమిటని అనుకోవచ్చు. ఈద్ నాడు అబిసీనియా దేశస్థులు మస్జిదె నబవీలోనే ఈటెలతో ఆడుతుంటే దైవప్రవక్త (స) వారిని వారించలేదు. పైగా హజ్రత్ ఆయిషా (రజి) తన భుజం వెనుక నిలబడి తనివితీరా చూసేదాకా ఓపికగా నిలిచే ఉన్నారు. ఆటలో మనిషి స్వభావం దాగదు. దుకాణంలోనో కచేరీలోనో మనం కప్పిపుచ్చుకునే గుణం మైదానంలో రెండు నిమిషాల్లో బయటపడుతుంది. అందుకే ఈ ముచ్చట.

అసర్ నమాజు అయిన తరువాత మన వరంగల్ పిల్లలు ఇస్లామియా కళాశాల మైదానంలోనూ, పేటల్లోని ఖాళీ జాగాల్లోనూ బంతి ఆడటం మీరందరూ చూసే ఉంటారు. కాసేపు ఆగి గమనించండి. ఎదుటి జట్టు కుర్రవాడు బంతితో దూసుకువస్తాడు. అతణ్ణి అడ్డుకోవలసిన రక్షకుడు పరుగు ఆపేస్తాడు. కుడిచేయి పైకెత్తి, ‘ఆఫ్‌సైడ్, ఆఫ్‌సైడ్’ అని అరుస్తాడు. అతడిని చూసి పక్కవాడూ చేయెత్తుతాడు. ఇద్దరూ చేతులెత్తి నిలబడ్డ ఆ మూడు సెకన్లలో బంతి గోలులో పడుతుంది. ఆపైన అరగంట తగవు. పేట ఆటలో జెండా పట్టుకునే మనిషి ఉండడు గనుక గొంతు పెద్దదైన వాడిదే తీర్పు. అయితే ఇది పేట పిల్లలకే పరిమితమైన జబ్బు కాదు. ప్రపంచకప్పు ఆడే మహామహులకూ ఉన్నది.

ఆట తెలియని పెద్దల కోసం నియమాన్ని క్లుప్తంగా చెబుతాను. దాడి చేసే జట్టులో ఒకడు బంతిని ముందుకు తన్నిన క్షణాన, దానిని అందుకోబోయే సహచరుడు ప్రత్యర్థి సగభాగంలో ఉండి, బంతికన్నా, ప్రత్యర్థులలో చివరి నుండి రెండవవాడికన్నా గోలుగీతకు దగ్గరగా ఉంటే అతడు ఆఫ్‌సైడ్ స్థానంలో ఉన్నట్లు. ఆ చివరివాడు సాధారణంగా గోల్‌కీపరే. 1925కు పూర్వం ఇద్దరు కాదు, ముగ్గురు ఉండాలనేవారు. ఆ రెండవవాడితో సమానంగా ఉంటే తప్పు లేదని 1990లో సడలించారు. ఆ స్థానంలో ఉన్నంత మాత్రాన నేరం కాదు, అక్కడ ఉండి ఆటలో జోక్యం చేసుకుంటేనే నేరం. ఇంతటి సూక్ష్మమైన విషయాన్ని గీత పక్కన జెండా పట్టుకొని, ఆ ఒక్క పనికే కళ్లు అప్పగించిన మనిషే పొరబడుతుంటాడు. పరుగెత్తుతూ, ఆయాసపడుతూ, బంతి వైపు ఒక కన్ను, మనిషి వైపు ఒక కన్ను వేసిన రక్షకుడు మాత్రం క్షణంలో తేల్చేసి చేయెత్తుతాడు!

పైగా జెండా లేచినంత మాత్రాన ఆట ఆగదు. జెండా సహాయకుడి అభిప్రాయం. తీర్పు రిఫరీది. ఆయన ఈల మోగితేనే ఆట ఆగుతుంది. వీడియో సహాయం వచ్చిన ఈ రోజుల్లో, సందేహాస్పదమైన సందర్భాలలో ఆ దాడి ముగిసేదాకా జెండా ఎత్తకుండా ఆగమని సహాయకులకే సూచనలున్నాయి. కాబట్టి చేయెత్తి నిలబడ్డ రక్షకుడు మోగని ఈలను విన్నట్టు నటిస్తున్నాడు.

చేయెత్తి పరుగెత్తి చూడండి. శరీరం తూకం తప్పుతుంది. అడుగు కురచవుతుంది. అంతకన్నా పెద్ద నష్టం కళ్లకు జరుగుతుంది. బంతి మీద ఉండవలసిన చూపు గీత పక్కనున్న జెండా మీదికి మళ్లుతుంది. కాళ్లను నెమ్మదింపజేసి, కళ్లను పక్కకు తిప్పి, ఆపైన ‘అన్యాయం జరిగింది’ అని అతడు వాపోతాడు. ఒకవేళ నిజంగానే అన్యాయం జరిగి ఉండవచ్చు. అయినా గోలు గోలే.

ఇందులో మరొక విచిత్రం ఉన్నది. నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది అదే. అనేక సందర్భాలలో చేయెత్తి అరిచే రక్షకుడే ఆ దాడిచేసేవాణ్ణి ఆఫ్‌సైడ్ కాకుండా చేసినవాడు. మిగిలిన ముగ్గురూ ఒకే వరుసలో ముందుకు జరిగారు. ఇతగాడు మాత్రం బద్ధకించి రెండడుగులు వెనుకే ఉండిపోయాడు. ఆ రెండడుగుల వల్లనే ఎదుటివాడికి దారి సక్రమమైంది. తీరా చూస్తే అందరికన్నా ఎత్తుగా లేచిన చేయి అతడిదే!

సోదరులారా! ఇక్కడ కాసేపు ఆగి మన ఇళ్లలోకి చూసుకుందాం. ‘మన సముదాయం పిల్లలు చదువులో వెనుకబడ్డారు, ప్రభుత్వాలు పట్టించుకోలేదు’ అని టీ హోటలు బల్ల దగ్గర ఆవేదనపడే పెద్దమనిషి ఉంటాడు. ఆయన ఆవేదన అబద్ధం కాదు. 2006 నవంబరులో సచార్ కమిటీ ప్రధానమంత్రికి సమర్పించిన నివేదిక ముస్లింల విద్య, ఉపాధి స్థితిని దేశం ముందుంచింది. కానీ అదే పెద్దమనిషి తన పెద్దకొడుకును ఇంటర్మీడియట్ మధ్యలో మాన్పించి దుకాణంలో కూర్చోబెట్టి ఉంటాడు. కూతురికి పదో తరగతిలో మంచి మార్కులు వస్తే, కళాశాల దూరమని ఇంట్లో ఆపి ఉంటాడు. వరుస ముందుకు జరిగినప్పుడు వెనుక నిలిచిపోయిన రక్షకుడు ఆయనే. ఎత్తిన చేయీ ఆయనదే. ‘వరకట్నం మన దీనులో లేదు, ఈ సమాజం పాడైపోయింది’ అని ఉపన్యసిస్తూ, నిఖా ఫలానా ఫంక్షన్ హాలులోనే జరగాలని ఆడపిల్ల తండ్రికి కబురు పంపేవారిని గురించి నేను వేరే చెప్పనవసరం లేదు.

ఈల గురించి మరొక మాట. ఒక్కొక్కసారి ఈల వినబడుతుంది. అయితే అది రిఫరీ ఈల కాదు.

1982 ప్రపంచకప్పు. జూన్ 21న స్పెయిన్ దేశంలోని వల్లదోలిద్ నగరంలో ఫ్రాన్సు జట్టుతో కువైట్ జట్టు తలపడింది. కువైట్‌కు అదే తొలి ప్రపంచకప్పు. అప్పటికి 3–1తో ఫ్రాన్సు ముందంజలో ఉన్నది. ఫ్రాన్సు దాడికి వస్తుండగా ఈల వినబడింది. కువైట్ రక్షకులు టక్కున ఆగిపోయారు. నిజానికి ఆ ఈల వేసింది రిఫరీ కాదు, ప్రేక్షకుల మధ్య నుండి ఎవరో ఊదారు. ఫ్రాన్సు ఆటగాడు జిరెస్ ఆగలేదు. నిలిచిపోయిన మనుషుల మధ్య నుండి బంతిని గోలులోకి తన్నాడు. కువైట్ ఆటగాళ్లు రిఫరీని చుట్టుముట్టారు. కువైట్ ఫుట్‌బాల్ సంఘం అధ్యక్షుడు షేక్ ఫహద్ అల్ అహ్మద్ అల్ సబాహ్ ప్రేక్షకుల నుండి దిగి మైదానంలోకే వచ్చారు. చివరకు సోవియట్ యూనియన్‌కు చెందిన రిఫరీ స్తుపార్ ఆ గోలును రద్దు చేశాడు. కువైట్ గెలిచిందా? లేదు. ఫ్రాన్సు మరొక గోలు చేసి 4–1తోనే ముగించింది. రిఫరీ మాత్రం అంతర్జాతీయ హోదా పోగొట్టుకున్నాడు.

అప్పీలు నెగ్గింది, ఆట ఓడింది. దీనిని గుర్తుంచుకోండి. ఎంత పెద్దమనిషి వచ్చి మాట్లాడినా, అడిగిన తీర్పు అడిగినట్టే లభించినా, బంతిని ఆపగలిగే కాళ్లు లేనప్పుడు ఫలితం మారలేదు. న్యాయం కోసం షేక్ ఫహద్ గురించి మరొక సంగతి కూడా చెప్పాలి. ఎనిమిదేళ్ల తరువాత, 1990 ఆగస్టు 2న ఇరాక్ సేనలు కువైట్‌లో ప్రవేశించినప్పుడు దస్మాన్ రాజప్రాసాదం వద్ద ఆయన మరణించారు. చాలామంది తప్పించుకుపోయిన ఆ తెల్లవారుజామున ఆయన ప్రాసాదం వద్దే ఉన్నారు. అల్లాహ్ ఆయనను మన్నించుగాక! మైదానంలో జరిగిన ఒక్క తొందరపాటుతో మనిషి మొత్తాన్ని తూచకూడదు.

మనం కూడా రోజూ ప్రేక్షకుల ఈలలు వింటూనే ఉన్నాం. ‘ఇక మనకేమీ లేదు, అంతా అయిపోయింది’ అని ఫోనులో ఒక వీడియో వస్తుంది. అది ఈల. ‘మనవాళ్లకు ఉద్యోగాలు ఎలాగూ ఇవ్వరు, దరఖాస్తు దండగ’ అని ఒక మిత్రుడంటాడు. అదీ ఈలే. ఊదినవాడు గుంపులో ఎక్కడో కూర్చున్నాడు. పోయేది అతడి గోలు కాదు. ఆ శబ్దం విని ఆగిపోయిన యువకుడిదే నష్టం.

మన చరిత్రలో ఇటువంటి ఈల మోగిన రోజు ఉహుద్ రోజు. హిజ్రీ 3వ సంవత్సరం, షవ్వాల్ మాసం. దైవప్రవక్త (స) 50 మంది విలుకాండ్రను ఒక గుట్టపై నిలిపి, హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ జుబైర్ (రజి)ను వారికి నాయకునిగా నియమించారు. గెలుపు కనబడినా, ఓటమి కనబడినా, తాను కబురు పంపేదాకా స్థానం విడవవద్దని గట్టిగా ఆజ్ఞాపించారు. మొదట ముస్లింలదే పైచేయి అయింది. శత్రువులు పారిపోతున్నారు, కింద విజయధనం పోగవుతున్నది. అది చూసిన విలుకాండ్రలో అత్యధికులు పోరు ముగిసిందని తమకు తామే తీర్పు చెప్పుకున్నారు. నాయకుడు వారించినా దిగిపోయారు. గుట్టపై మిగిలింది కొద్దిమందే. ఆ ఖాళీని గమనించిన ఖాలిద్ బిన్ వలీద్ – ఆయన అప్పటికి ఇస్లాం స్వీకరించలేదు – గుర్రపుదళంతో వెనుక నుండి విరుచుకుపడ్డారు. డెబ్భై మంది సహాబాలు అమరులయ్యారు.

అది మొదటి ఆగిపోవటం. రెండవది ఇంకా బాధాకరమైనది. ఆ గందరగోళంలో దైవప్రవక్త (స) మరణించారని ఒక వదంతి పుట్టింది. అది ప్రేక్షకుల ఈల. దానితో కొందరు సహచరులు దుఃఖంతో ఆయుధాలు వదిలి కూలబడ్డారు. వారి ప్రేమలో లోపం లేదు. ప్రేమ మూలంగానే కాళ్లు చచ్చుబడ్డాయి. హజ్రత్ అనస్ బిన్ నజ్ర్ (రజి) అటుగా వచ్చి, ఎందుకు కూర్చున్నారని అడిగారు. సంగతి చెప్పారు. ఆ వార్త నిజమో అబద్ధమో ఆయన విచారణకు పూనుకోలేదు. ఒకవేళ నిజమే అయితే ప్రవక్త ఏ మార్గంలో ప్రాణమిచ్చారో ఆ మార్గంలోనే లేచి నిలవండని వారికి చెప్పి ముందుకు నడిచారు. ఆయన దేహంపై ఎనభైకి పైగా గాయాలు ఉన్నాయనీ, సోదరి ఆయనను వేలి కొనలను బట్టి మాత్రమే గుర్తించగలిగిందనీ బుఖారీలో నమోదైంది. ఆ వదంతి అబద్ధమని ఆ తరువాత తేలింది. ముహమ్మద్ (స) దైవసందేశహరుడు మాత్రమేననీ, ఆయన మరణించినా మడమ తిప్పే హక్కు మీకు లేదనీ ఆలి ఇమ్రాన్ సూరాలో అల్లాహ్ విశ్వాసులను హెచ్చరించాడు. ప్రవక్త మరణవార్త విన్నా ఆగిపోవటానికి అనుమతి లేకపోతే, ఫోనులో వచ్చిన వీడియో విని ఆగిపోవటానికి మనకు ఎక్కడి నుండి అనుమతి వచ్చింది?

ఇప్పుడు కొందరు యువకుల మనసులో ఒక ప్రశ్న మెదులుతూ ఉండాలి. అది న్యాయమైన ప్రశ్న. ‘మౌలానా సాబ్, అన్యాయం జరిగితే అడగవద్దంటారా? నోరు మూసుకొని గోళ్లు గిల్లుకోమంటారా?’ అని.

అనను. ఎన్నటికీ అనను. అన్యాయానికి గురైనవాడికి గొంతెత్తే హక్కును నిసా సూరాలో అల్లాహ్ స్వయంగా ఇచ్చాడు. హజ్రత్ ఖౌలా బిన్త్ సఅలబా (రజి) తన భర్త తనను తల్లితో పోల్చి దూరం పెట్టాడని దైవప్రవక్త (స) వద్దకు వచ్చి వాదించారు. అల్లాహ్‌కు మొరపెట్టుకున్నారు. ఆ మొర విన్నానని తెలిపే వచనాలతోనే ఖుర్ఆన్‌లో ఒక సూరా మొదలవుతుంది. ఆమె వాదన మూలంగా అరబ్బుల పాత దురాచారం ఒకటి రద్దయింది. ఫిర్యాదును తక్కువ చేసి మాట్లాడేవారు ఈ సూరాను చదవాలి. అయితే ఆమె ఎవరి వద్దకు వెళ్లారో గమనించండి. తీర్పు చెప్పగలిగిన వారి వద్దకే వెళ్లారు. వీధి వీధి తిరిగి భర్త పరువు తీయలేదు.

ఫుట్‌బాల్‌లోనూ దీనికి ఒక మంచి ఏర్పాటు చేశారు. 2024లో జర్మనీలో జరిగిన యూరో పోటీలలో, తీర్పును గురించి రిఫరీతో మాట్లాడే అవకాశం జట్టు కెప్టెన్ ఒక్కడికే ఇచ్చారు. మిగిలినవారు చుట్టుముడితే హెచ్చరిక కార్డు. కెప్టెన్ అడుగుతాడు, మిగిలినవారు తమ తమ స్థానాలకు వెళతారు. మన ఫిఖ్‌హ్‌లో ఫర్జె కిఫాయా అనే మాట ఉన్నది. కొందరు నెరవేరిస్తే అందరి బాధ్యతా తీరుతుంది. హక్కుల కోసం కోర్టుకు వెళ్లటం, శాసనసభలో మాట్లాడటం, వినతిపత్రం ఇవ్వటం ఈ కోవలోనివే. వకీళ్లు, ప్రజాప్రతినిధులు, సంఘాల పెద్దలు ఆ పని చేయాలి. మనం వారికి డబ్బు ఇవ్వాలి, దస్తావేజులు ఇవ్వాలి, దుఆ చేయాలి. కానీ కొడుకు చదువు, కూతురి వారసత్వ వాటా, ఐదు పూటల నమాజు, జకాత్ లెక్క – ఇవి ఫర్జె ఐన్. ఇవి ఎవరికి వారు చేయవలసినవి. పదకొండు మందీ రిఫరీ చుట్టూ చేరితే గోలు ముందు ఎవరుంటారు?

కెప్టెనే కాదు, శిక్షకుడే ఆటను ఆపేస్తే ఏమవుతుందో మూడేళ్ల నాడు మన పొరుగు రాష్ట్రంలో చూశాం. 2023 మార్చి 3న బెంగళూరులోని శ్రీ కంఠీరవ మైదానంలో బెంగళూరు జట్టుకూ, కేరళ బ్లాస్టర్స్‌కూ ఐఎస్‌ఎల్ నాకౌట్ మ్యాచ్ జరిగింది. 90 నిమిషాలకు గోలు లేదు. అదనపు సమయం మొదలైన కాసేపటికే లభించిన ఫ్రీకిక్‌ను సునీల్ ఛెత్రి, కేరళ రక్షకులు గోడ కట్టకముందే గోలులోకి పంపాడు. వారు ఇంకా సర్దుకుంటున్నారు. రిఫరీ గోలు ఇచ్చాడు. కేరళ శిక్షకుడు ఇవాన్ వుకొమనోవిచ్ జట్టును మైదానం నుండి బయటకు తీసుకుపోయాడు. ఆ ఫ్రీకిక్ సక్రమమా కాదా అని ఇప్పటికీ వాదించుకునేవారున్నారు. ఆ వాదనలోకి నేను పోను. ఇంకా ఇరవై నిమిషాలకు పైగా ఆట మిగిలి ఉండగా, ఒక్క గోలు తేడా ఉండగా వారు వెళ్లిపోయారు. వారిని ఓడించింది ఛెత్రి గోలు కన్నా, ఆడకుండా వదిలేసిన ఆ నిమిషాలే. పైగా ఫుట్‌బాల్ సమాఖ్య జట్టుకు 4 కోట్ల రూపాయల జరిమానా విధించింది. శిక్షకుణ్ణి 10 మ్యాచ్‌ల పాటు నిషేధించింది.

ఇక మన రాష్ట్రంలోని విషయానికి వస్తాను. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2007లో చేసిన చట్టం ముస్లింలలోని 14 వెనుకబడిన వర్గాలకు బీసీ–ఇ కింద విద్య, ఉద్యోగాలలో 4 శాతం రిజర్వేషన్ కల్పించింది. 2010 ఫిబ్రవరిలో హైకోర్టు దానిని కొట్టివేసింది. మార్చిలో సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వుతో కొనసాగనిచ్చి, విషయాన్ని రాజ్యాంగ ధర్మాసనానికి నివేదించింది. అంటే, సహాయకుడి జెండా లేచింది, కానీ పెద్ద రిఫరీ ఆట సాగనిమ్మన్నాడు. అప్పుడు మన ఇళ్లలో రెండు రకాల మనుషులు కనబడ్డారు. ‘ఎలాగూ కొట్టేస్తారు, కాగితం కోసం ఎందుకు తిరగాలి’ అని కూర్చున్నవారు ఒక రకం. మీసేవలో దరఖాస్తు పెట్టి, తహసీల్దారు కార్యాలయం చుట్టూ నాలుగుసార్లు తిరిగి, ధ్రువపత్రం తెచ్చుకొని, కౌన్సెలింగ్‌కు వెళ్లినవారు మరొక రకం. తుది తీర్పు కోసం ఏళ్లు గడిచాయి. ఆ ఏళ్లలోనే రెండవ రకం ఇళ్ల పిల్లలు డాక్టర్లు, ఇంజనీర్లు, ఉపాధ్యాయులు అయ్యారు. తీర్పు రేపు ఏ విధంగా వచ్చినా, వారు చదివిన చదువును తిరిగి తీసుకునే ఈల ఏదీ లేదు. మొదటి రకంవారు సరిగ్గానే ఊహించి ఉండవచ్చు. వారి ఊహ సరైనదైనా వారి పిల్లవాడికి సీటు రాలేదు.

వక్ఫ్ విషయం కూడా ఇంతే. 2025 ఏప్రిల్‌లో వక్ఫ్ సవరణ చట్టం అమలులోకి వచ్చింది. దానిపై సుప్రీంకోర్టుకు వెళ్లటం సముదాయం హక్కు, బాధ్యత. పెద్దలు వెళ్లారు. సెప్టెంబరు 15న న్యాయస్థానం కొన్ని నిబంధనలను నిలిపివేసింది. ఆస్తుల నమోదును మాత్రం ఆపలేదు. జూన్ 6న ప్రారంభమైన ఉమీద్ పోర్టల్‌లో వివరాలు ఎక్కించటానికి ఆరు నెలల వ్యవధి ఇచ్చారు. ఆ ఆరు నెలలు మన ముతవల్లీలు ఏం చేశారన్నది ఎవరికి వారు చెప్పుకోవలసిన లెక్క. పూర్వీకులు ఒక ఖబరస్తాన్‌నో, ఒక ఈద్గానో అల్లాహ్ పేరిట విడిచి వెళ్లారు. సభలో చేయెత్తటానికి వందమంది వస్తారు. బీరువా తెరిచి, పాత మున్‌తఖబ్ కాగితం వెతికి, సర్వే నంబరు సరిచూసి, కంప్యూటరు ముందు కూర్చోవటానికి ఒక్కడు దొరకడు. ఖబరస్తాన్ ప్రహరీ లోపలికి ప్రతి ఏడాదీ రెండడుగులు జరిగి వచ్చే పొరుగువాడు మన సభలు ముగిసేదాకా ఆగడు.

సోదరులారా! ముస్లిం గ్రంథంలో ఒక హదీసు ఉన్నది. దాని సారాన్ని నా మాటల్లో చెబుతాను. ఇద్దరిలోనూ మేలున్నా, బలహీనుడైన విశ్వాసికన్నా బలవంతుడైన విశ్వాసి అల్లాహ్‌కు ఎక్కువ ప్రీతిపాత్రుడు. నీకు లాభించేదాని కోసం ఆరాటపడాలి, అల్లాహ్ సహాయం అడగాలి, చేతకానివాడివై కూర్చోకూడదు. కష్టం వచ్చిపడితే, అలా చేసి ఉంటే ఇలా అయ్యేది కదా అని తవ్వుకోకూడదు. ఆ ‘ఉంటే’ అనే మాట షైతాను పనికి తలుపు తెరుస్తుంది. ఈ హదీసులోని క్రమాన్ని చూడండి. సహాయం అడగటం, చేతకానితనాన్ని వదలటం పక్కపక్కనే ఉన్నాయి. కొందరు మొదటిదాన్ని పట్టుకొని రెండవదాన్ని వదిలేసి దానికి తవక్కుల్ అని పేరు పెట్టారు. మరికొందరు రెండవదాన్ని పట్టుకొని దుఆను వదిలేశారు. వీరు అలసిపోతారు, వారు మోసపోతారు.

హజ్రత్ యాఖూబ్ (అలై)ను తలచుకోండి. ఒక కుమారుణ్ణి ఏనాడో పోగొట్టుకున్నారు, రెండవవాడూ దూరమయ్యాడు, ఏడ్చి ఏడ్చి కళ్లు పోయాయి. తన వ్యథను అల్లాహ్‌కే చెప్పుకుంటానన్నారు. ఆ వెంటనే, కుమారులను పిలిచి, వెళ్లి యూసుఫ్‌నూ, అతని సోదరుణ్ణీ వెతకండనీ, అల్లాహ్ కారుణ్యం పట్ల నిరాశ చెందవద్దనీ ఆదేశించారు. యూసుఫ్ సూరాలో ఈ రెండు మాటలూ పక్కపక్క వచనాలలో ఉన్నాయి. మొర పైకి వెళ్లింది, కాళ్లు ఈజిప్టు దారి పట్టాయి. కళ్లు కనబడని ఆ ముసలి తండ్రి వెతుకులాట ఆపలేదు.

ఇటువంటి మనిషిని మన నేల కూడా చూసింది. ఇక్కడికి దాదాపు 150 కిలోమీటర్ల దూరంలోని హైదరాబాద్‌లో సయ్యద్ అబ్దుల్ రహీమ్ సాహెబ్ ఉండేవారు. వృత్తిరీత్యా ఉపాధ్యాయులు. ఆయన తీర్చిదిద్దిన హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుండి 1954 దాకా వరుసగా ఐదుసార్లు రోవర్స్ కప్పు గెలిచింది. ఆయన శిక్షణలోనే భారతజట్టు 1956 మెల్బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగవ స్థానం పొందింది. కుర్రవాళ్లకు ఆయన ఒక చిత్రమైన పోటీ పెట్టేవారు. బలహీనమైన కాలితోనే బంతిని తన్నాలి. నాకిది చాలా ఇష్టమైన సంగతి. పోగొట్టుకున్న గోలుకు రిఫరీని తిట్టే ముందు నీ ఎడమకాలిని బాగు చేసుకోమని చెప్పటానికి ఇంతకన్నా సున్నితమైన మార్గం ఉన్నదా?

1962 ఆసియా క్రీడలు జకార్తాలో జరిగాయి. మొదటి మ్యాచ్‌లోనే మనవాళ్లు దక్షిణ కొరియా చేతిలో 0–2తో ఓడారు. ఇజ్రాయెల్, తైవాన్ క్రీడాకారులను రానివ్వకపోవటంపై ఒక భారతీయ అధికారి చెప్పిన అభ్యంతరం అక్కడి జనానికి ఆగ్రహం కలిగించింది. దానితో ఆటగాళ్లకు ఏ సంబంధమూ లేదు. అయినా సెప్టెంబరు 4న ఫైనల్‌లో దాదాపు లక్షమంది ప్రేక్షకులు భారతజట్టును ఆసాంతం ఎగతాళి చేస్తూనే ఉన్నారు. ఫిర్యాదు చేయదలచుకుంటే ఎన్ని కారణాలు! రక్షకుడు జర్నైల్ సింగ్‌కు అంతకుముందే ఒక మ్యాచ్‌లో తల పగిలి కుట్లు పడ్డాయి. రహీమ్ సాహెబ్ అతణ్ణి కూర్చోబెట్టలేదు, స్థానం మార్చి ముందువరుసలో ఆడించారు. ఆ కుట్ల తలతోనే అతడు గోలు చేశాడు. పి.కె. బెనర్జీ మరొకటి చేశాడు. అదే కొరియాను 2–1తో ఓడించి భారత్ స్వర్ణం గెలిచింది. అప్పటికే క్యాన్సర్ పట్టిపీడిస్తున్న రహీమ్ సాహెబ్ 1963 జూన్ 11న అల్లాహ్ సన్నిధికి చేరుకున్నారు. అల్లాహ్ ఆయన సమాధిని విశాలం చేయుగాక! జకార్తాలో ఆయన చివరి జట్టు చుట్టూ లక్ష గొంతుల ఈలలు మోగాయి. వాటిని విని ఒక్కడూ ఆగలేదు.

యువకులారా! సాయంత్రం మైదానంలో మీకు ఒక చిన్న అభ్యాసం అప్పగిస్తున్నాను. ఈ వారమంతా రక్షణలో ఆడేవారు చేయెత్తవద్దు. ఎదుటివాడు ఎంత దూరం ఆఫ్‌సైడ్‌లో ఉన్నా సరే, బంతి ఆగేదాకా వెంటపడండి. ఆ తరువాత మీ కెప్టెన్ అడుగుతాడు. మొదట కష్టంగా ఉంటుంది. చేయి తనంతట తానే లేస్తుంది. ఎన్నిసార్లు లేచిందో లెక్కపెట్టుకోండి.

పెద్దలకు మరొక సంగతి. ఈ రోజు నమాజు తరువాత మస్జిద్ వసారాలో కంప్యూటరు తెలిసిన నలుగురు కుర్రవాళ్లు బల్ల వేసుకొని కూర్చుంటారు. బీసీ–ఇ ధ్రువపత్రం ఇంకా తీసుకోని పిల్లల ఆధార్, పాఠశాల బోనఫైడ్ పత్రాలు తెచ్చినవారికి అక్కడే దరఖాస్తు నింపి ఇస్తారు. వక్ఫ్ కాగితాలు ఎవరి ఇంట్లో ఉన్నా, శిథిలమైనా సరే, మడతలు విప్పకుండా జాగ్రత్తగా తీసుకురండి. వారు ఫోటో తీసి తిరిగి ఇస్తారు. అసర్ దాకా ఉంటారు. ఇంటికి వెళ్లి భోంచేసి వచ్చినా ఫరవాలేదు.

మా ప్రభూ! అన్యాయానికి గురైనవారి మొరను ఆలకించు. మా కాళ్లకు శక్తినీ, మా పిల్లలకు లాభదాయకమైన విద్యనూ ప్రసాదించు. ఆమీన్. సఫ్‌లు సరిచేసుకోండి.